‘తెల్వదు’ అనని అన్న

అన్న పోయాడని షాబాద్ తమ్ముడు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాడు. “అక్కా, అన్న పోయిండు. దవాఖానలనే పానం పోయింది” అని ఆగాడు. కాసేపటికి వాడే, “వస్తవా?” అని అడిగాడు. ఏళ్ల తరబడి మేం ముగ్గురం ఒకే కారులో ఆఫీసుకు తిరిగినవాళ్లం. మనిషి పోతే వస్తావా అని అడగాల్సి వచ్చిందంటే మా మధ్య ఏదో జరిగిందని మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. “ఎందుకు రాను?” అన్నాను. గొంతు నేను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

చేవెళ్లకు వెళ్లాను. సమాధుల తోటలో అందరితోపాటు పిడికెడు మట్టి వేశాను. చుట్టూ జనం ఏడుస్తున్నారు. మా కంపెనీలో పనిచేసి ఇప్పుడు తలో చోట ఉన్నవాళ్లు కూడా కళ్లు తుడుచుకుంటున్నారు. నాకు మాత్రం కన్నీళ్లు రాలేదు. లోపల ఉన్నది దుఃఖమే, కాదనను. కానీ దాని మీద ఇంకోటి ఎక్కి కూర్చుని ఉంది. కొన్నాళ్లు గడిచాక, ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయాలని కూర్చున్నాను. మంచి చాలా ఉంది. అది రాస్తుంటే రెండోది కూడా వస్తుంది. వస్తే రానిస్తాను.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. ఐటీ కంపెనీలు గచ్చిబౌలి వైపు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజుల్లో, చేవెళ్ల నుంచి రోజూ అక్కడికి వెళ్లి కోడు రాసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉండేవారు. మాది ఆలూరు. బస్సులో చేవెళ్ల దాకా వచ్చి, అక్కడి నుంచి సిటీ బస్సు కోసం నిలబడేదాన్ని. ఒకరోజు వానలో నిలబడి ఉంటే ఒక చిన్న తెల్ల కారు ఆగింది. మెడలో నాలాగే కంపెనీ ట్యాగు వేసుకున్న ఒకాయన అద్దం దించి, “ఏ బిల్డింగ్ చెల్లె?” అని అడిగాడు. చూస్తే ఇద్దరిదీ ఒకే బిల్డింగు, ఒకే కంపెనీ. ఆయన అప్పటికే అందులో పెద్ద హోదాలో ఉన్నాడు, నేను చేరి నెల కూడా కాలేదు. ఆ రోజు నుంచి ఆ కారే నా బస్సు. కొన్నాళ్లకు షాబాద్ నుంచి బండి మీద వచ్చే కుర్రాడు ఒకడు తోడయ్యాడు, టెస్టింగ్ చేసేవాడు. వాడు నన్ను అక్క అన్నాడు, ఇద్దరం ఆయన్ని అన్న అన్నాం.

అన్నకు కొన్ని అలవాట్లుండేవి. తాళం తిప్పే ముందు కళ్లు మూసుకుని పెదవులు కదిలించేవాడు. ప్రార్థన. అది అయ్యేదాకా మేం సీట్లలో సర్దుకోకూడదు. హారన్ కొట్టేవాడు కాదు. ముందు ఎడ్లబండి వెళ్తుంటే దాని వెనకే ఓపిగ్గా పోయేవాడు. షాబాద్ తమ్ముడికి ఒళ్లు మండిపోయేది. “అన్నా, మనం ఆఫీస్‌కు పోతున్నమా, పొలానికి పోతున్నమా?” అనేవాడు. “పొలం పోయినంక ఆఫీస్ కూడ ఉండది తమ్మీ, జర ఆగు” అనేవాడు అన్న. మొయినాబాద్‌లో టీ కోసం ఆపడం తప్పనిసరి. టీ తాగుతూ, అక్కడ బుట్టలో అమ్మే జామకాయల్లో ఒకటి తీసుకుని, సగానికి విరిచి పెద్ద ముక్క నాకిచ్చేవాడు.

ఇంకో అలవాటు కూడా ఉండేది. దాన్ని అప్పట్లో నేను పట్టించుకోలేదు. బండి చెప్పులతో నడిపేవాడు. బూట్లు డిక్కీలో, ఒక గుడ్డ సంచిలో ఉండేవి. ఆఫీసు పార్కింగ్‌లో ఆగాక డిక్కీ తీసి, అంచు మీద కూర్చుని, చెప్పులు విప్పి, మేజోళ్లు తొడిగి, బూట్ల తాళ్లు కట్టుకుని లేచేవాడు. లేచాక మాతో ఇంగ్లీషులో మాట్లాడేవాడు. లిఫ్టులో ఎవరైనా ఉంటే మా వైపు తల ఊపేవాడు, అంతే. అది మర్యాద అనుకునేదాన్ని. మనిషి మారుతున్నాడని అనుకోలేదు.

నాకు మాట్లాడటం నేర్పింది ఆయనే. కోడు రాయడం కాలేజీలో, ఉద్యోగంలో ఎట్లాగో వచ్చింది. కానీ అడగడం రాలేదు. మా ఇంట్లో ఆడపిల్లలు ఏదైనా కావాలంటే అమ్మకు చెప్పడం, అమ్మ బాపు మూడ్ చూసి చెప్పడం, అంతే. ఆఫీసులో అమ్మ ఎక్కడుంటుంది? మొదటి రెండు అప్రైజల్స్‌లో జీతం ఎంత పెంచారో వాళ్లు చెప్పింది విని, థాంక్యూ చెప్పి బయటికొచ్చాను. అది తెలిసి అన్న తల పట్టుకున్నాడు. మరునాటి నుంచి కారులో క్లాసు మొదలైంది. అద్దాలు పైకెత్తేవాడు. తాను హెచ్‌ఆర్ మేడం, నేను నేను. షాబాద్ తమ్ముడు వెనక సీట్లో జడ్జి.

“మేడం కుర్చీల కూసున్న అనుకో. ఇగ చెప్పు.”

“మేడం, మీరేమనుకోకపోతే, వీలైతే, నాది ఒక చిన్న రిక్వెస్ట్...”

“ఆపు. ఏమన్న చేబదులు అడుగుతున్నవా? మళ్ల చెప్పు.”

ఇలా రోజూ నడిచేది. ఆయన హెచ్‌ఆర్ మేడం గొంతు పెడితే నవ్వాపుకోలేకపోయేవాళ్లం. మెడ ఒక పక్కకు వాల్చి, “సో, టెల్ మీ” అనేవాడు, చేతులు మాత్రం స్టీరింగ్ మీదే. నవ్వులోనే చాలా చెప్పాడు. ఒక్కటే అడగమనేవాడు, రెండడిగితే చిన్నది ఇచ్చి పంపిస్తారు. కారణం ఒకసారే చెప్పమనేవాడు, రెండోసారి చెప్తే బతిమిలాడినట్లుంటుంది. అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పింది ఇంకోటి. “అడిగినంక ఊకో చెల్లె. సప్పుడు లేకుంటె నీకే భయమైతది, ఏదో ఒకటి అందామనిపిస్తది. అనకు. ఆళ్లను అననియ్యి.” నేను అడిగాక కారులో ఎవరూ మాట్లాడకూడదు. అజీజ్‌నగర్ దాటేదాకా ముగ్గురం నోరు మూసుకుని పోయేవాళ్లం. మొదట్లో నావల్ల అయ్యేది కాదు, మధ్యలో ఏదో ఒకటి అనేసేదాన్ని. అన్న నాలుక కరుచుకుని, “పాయె. ఇగ ఆళ్లేమిస్తే అది తీసుకో” అనేవాడు.

ఆయన చేసినవి ఇంకా ఉన్నాయి. నాకు నొప్పులొచ్చిన రోజు మా ఆయన ఇంట్లో లేడు, ఫోన్ కలవలేదు. అన్న ఆలూరు వచ్చి, వదినను వెంటబెట్టుకుని, నన్ను దవాఖానకు తీసుకెళ్లాడు. దారి పొడుగునా వదిన నా చెయ్యి పట్టుకుంది, అన్న ఏదో కీర్తన గొణుగుతూ బండి నడిపాడు. పాప పుట్టాక మా ఆయన కంటే ముందు చూసింది ఆయనే. ఇది ఎందుకు రాస్తున్నానంటే, తర్వాత జరిగింది ఎవరో దారిన పోయే మనిషి చేసి ఉంటే నేను ఇంతకాలం మోసేదాన్ని కాదు.

ఇక ఆ సంగతి. ప్రసూతి సెలవు అయిపోయి మళ్లీ చేరాక నన్ను అమెరికా కస్టమర్ కాల్స్‌లో పెట్టారు. వాళ్లకు తెల్లవారేసరికి మనకు పొద్దుగూకుతుంది. కాల్ అయ్యి, ఇల్లు చేరేసరికి పాప నిద్రపోయి ఉండేది. పొద్దున్న అది లేవకముందే నేను బయలుదేరాలి. అది నన్ను ఆదివారం వచ్చే చుట్టంలా చూసేది. ఆదివారం పొద్దున కాసేపు వాళ్ల నాన్న వెనక దాక్కుని, నన్ను తొంగి చూసి, మెల్లగా దగ్గరికి వచ్చేది. సాయంత్రానికి బాగా అలవాటయ్యేది. మళ్లీ సోమవారం. నాకు కావలసింది ఒక్కటే, సాయంత్రం ఆరింటికి ఆఫీసు నుంచి బయటపడటం. కాల్స్ తీసుకోవడానికి పెళ్లికాని కుర్రాళ్లు, ఆ పక్కనే అద్దెకుండేవాళ్లు మా టీమ్‌లోనే ఉన్నారు. అడిగితే ఇవ్వలేనిదేమీ కాదు.

నా కష్టం అన్నకు తెలిసినంతగా మా ఆయనకు కూడా తెలియదు. కాల్ ఉన్న రోజు నేను ఒంటరిగా ఎట్లా వస్తానని అన్న కూడా ఆఫీసులోనే ఉండిపోయేవాడు. క్యాంటీన్‌లో పేపరు ముందేసుకుని కూర్చునేవాడు. “నీతోటి నాకు కూడ అమెరికా టైమే అయింది” అని నవ్వేవాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

సరిగ్గా అప్పుడే చెన్నై కంపెనీ ఒకటి నాకు ఆఫర్ ఇచ్చింది. అప్పట్లో అందరికీ వస్తున్నాయి, నాకూ వచ్చింది. మంచి ఆఫరే. దాన్ని ఏం చేయాలి, ఎట్లా వాడాలి అన్నది మా కారులో పెద్ద చర్చ అయింది. షాబాద్ తమ్ముడిది ఒకటే దారి. “కాగితం టేబుల్ మీద కొట్టు అక్కా. ఇస్తరా, పొమ్మంటరా అని అడుగు. ఉరికొస్తరు.” అన్న వినలేదు. “పొమ్మంటె? అప్పుడేం చేస్తది? కొట్టిన కాగితం ఎన్కకు తీసుకుంటదా?” అన్నాడు. నాకు మొదట తమ్ముడి దారే నచ్చింది. కోపం మీదున్నాను కదా. మూడు రోజులు మాట్లాడుకున్నాం. చివరకు ఏ దారి పట్టాలో తేల్చాల్సిన రోజు మొయినాబాద్‌లో టీ తాగుతూ అన్న అడిగాడు.

“జర నిజం చెప్పు చెల్లె. ఆళ్లు ఏమియ్యకపోతే చెన్నైకి పోతవా?”

“ఎట్ల పోత అన్నా? మా ఆయనది షాబాద్ దిక్కు సర్కార్ బడి. ఆయన నౌకరి ఇడిచి రాడు. పాపను పట్టుకొని నేనొక్కదాన్నే ఏడికి పోత? పోను.”

అన్న గ్లాసు పక్కన పెట్టాడు. “అయితే గిది మన మధ్యనే ఉండాలె. పోత అని అబద్ధం చెప్పకు. పోను అని కూడ చెప్పకు. ఆఫర్ ఉన్నదని చెప్పు, నాకు ఆరింటికి ఇడువున్రి, గిదొక్కటే కావాలె అని చెప్పు. ఇగ ఊకో. నువ్వు పోతవో పోవో ఆళ్లకు తెల్వనంతసేపే నీ మాటకు ఇలువ.”

షాబాద్ తమ్ముడు కూడా ఒప్పుకున్నాడు. నేను ఆ దారే ఎంచుకున్నాను. అంటే, నేను పోననే సంగతి బయటపడకపోవడం మీదే నా బేరమంతా నిలబడి ఉంది. అది మా ముగ్గురికే తెలుసు. మా ఆయన బడి గురించి కూడా నేను ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చెప్పొద్దని అన్నే చాలా ముందు హెచ్చరించాడు.

ఆ రోజు గదిలో నా మేనేజరు, హెచ్‌ఆర్ మేడం ఉన్నారు. అన్న లేడు, ఆయనది వేరే అంతస్తు. నేను అడగాల్సింది అడిగాను. ఒక్కటే అడిగాను. కారణం ఒకసారే చెప్పాను. తర్వాత నోరు మూసుకుని కూర్చున్నాను. గడియారం చప్పుడు వినబడుతోంది. నేనేమీ అనలేదు. లోపల సంతోషంగా ఉంది, నాకు వచ్చేసింది ఈ విద్య అనుకున్నాను. మేడం పెన్ను మూత పెట్టి, చాలా మెత్తగా, “మీ హస్బెండ్ గవర్నమెంట్ టీచర్ కదా, షాబాద్ సైడ్. చెన్నై మీకు కుదరదని మాకు తెలుసు. మీరు కూడా అంత దూరం ఆలోచించి ఉండరు” అంది. మేనేజరు టేబుల్ వైపు చూస్తున్నాడు. మేడం నవ్వుతూ, “నెక్స్ట్ ఇయర్ చూద్దాం” అంది.

నేను థాంక్యూ చెప్పి బయటికొచ్చాను. మొదటి రెండు సార్లలాగే.

బాత్రూంలోకి వెళ్లి మొహం కడుక్కుంటూ ఎవరు ఎవరు అని ఆలోచించాను. అంత ఆలోచించాల్సిన పనేమీ లేదు. షాబాద్ తమ్ముడితో హెచ్‌ఆర్ వాళ్లు మాట్లాడనే మాట్లాడరు. అయినా నా మనసు వాడి మీదికే పోయింది, వాడే అయి ఉండాలని కోరుకుంది. సాయంత్రం కారెక్కాను. ఆ రోజు కాల్ లేదు. అజీజ్‌నగర్ దాటేదాకా ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు అడిగాను.

“అన్నా, నువ్వు చెప్పినవా?”

ఆయన దాయలేదు. “అడిగిన్రు చెల్లె. కంపెనీ పెద్దాయన పిలిచి, ఆమె నిజంగనే పోతదా అని అడిగిండు. పోదు అన్న. ఎందుకు పోదు అంటే చెప్పిన.”

“ఎందుకు చెప్పినవు?”

“మరి అబద్ధం చెప్పాల్నా?”

“తెల్వదు అనవద్దా అన్నా? తెల్వదు అంటె ఏం పోతుండె?”

మొయినాబాద్ వచ్చింది. ఎప్పటిలాగే టీ కోసం ఆపాడు. నేను దిగి, టీ బండి వైపు కాకుండా బస్‌స్టాపు వైపు నడిచాను. “చెల్లె, కూసో, పోదాం” అని వెనక నుంచి పిలిచాడు. నేను తిరిగి చూడలేదు. చేవెళ్ల బస్సు కిక్కిరిసి వచ్చింది. ఫుట్‌బోర్డు మీద నిలబడి వెళ్లాను. కొంత దూరం పోయాక ఆ తెల్ల కారు మా బస్సు వెనకే రావడం కనిపించింది. దాటిపోయే వీలున్నా దాటలేదు, చేవెళ్ల దాకా వెనకే వచ్చింది. నాకు జాలి కలగలేదు. ఇప్పుడు కూడా కలగడం లేదు.

మరునాటి నుంచి నేను ఆ కారెక్కలేదు. అన్న రెండు మూడు రోజులు స్టాపు దగ్గర బండి ఆపాడు. నేను మొహం తిప్పుకునేదాన్ని. తర్వాత ఆపడం మానేశాడు. ఏడాది పాటు కాల్స్ తీసుకున్నాను. ఆ ఏడాదిలో పాప నడక నేర్చింది, మాటలు నేర్చింది. అవన్నీ మా ఆయన చెప్తే విన్నాను.

ఆయన ఎందుకు చేశాడో నేను ఎన్ని రకాలుగా ఆలోచించి ఉంటానో మీకు చెప్తే నవ్వుతారు. అబద్ధమాడడని ఆయనకు ఆఫీసంతా పేరు. అందుకే పెద్దాయన ఆయన్నే పిలిచి అడిగి ఉంటాడు. ఆ పేరు కాపాడుకోవడానికి చెప్పాడా? అప్పుడు మా ప్రాజెక్టు గడువు దగ్గర పడింది. కాల్స్ తీసుకునే మనిషి మారితే ఇబ్బందని చెప్పాడా? కొన్నాళ్లకు ఆయనకు ఇంకా పెద్ద హోదా వచ్చింది. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. ఉందని గట్టిగా నమ్మిన రోజులున్నాయి. చివరకు ఒక్కటి మాత్రం అర్థమైంది. కారులో ఆయన మా అన్న, పార్కింగ్‌లో దిగాక కంపెనీ మనిషి. అన్నా చెల్లె అనుకుని పిలుచుకోవడంలో పడి, బల్లకు ఆయన ఏ పక్క కూర్చుంటాడో నేను మర్చిపోయాను. మా వైపు మనుషులం ఇలాగే ఉంటాం. వరస కలిపితే చాలు, కడుపులోదంతా ముందు పెడతాం. ఆయన కూడా మా వైపు మనిషే కదా, వరస కలిపి అడిగినప్పుడు ఆ సంగతి ఆయనకు తెలియదా? నాకు ఇప్పటికీ మండేది ఇక్కడే. అడగకుండా ఉండాల్సింది. టీ గ్లాసు చేతిలో పట్టుకుని, ‘జర నిజం చెప్పు’ అని అడగకుండా ఉండాల్సింది.

ఏడాది తర్వాత సిటీలోనే ఇంకో కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. ఈసారి ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా చేరే ముందు రోజు చెప్పాను. ఆ కంపెనీ వాళ్ల గదిలో అన్న నేర్పినట్లే అడిగాను. ఒక్కటే అడిగాను, ఒకసారే కారణం చెప్పాను, ఊరుకున్నాను. అవతలి వాళ్లే మాట్లాడారు. ఆరింటికి వెళ్లిపోవచ్చని కాగితం మీద రాసిచ్చారు. ఆ రోజు ఇంటికి వెళ్తే పాప మేలుకుని ఉంది. నేను సంతోషించాల్సింది. గోడ మీద చెయ్యి పెట్టి నిలబడి, ఈ విద్య నాకు ఎవరిచ్చారో తలచుకుని పళ్లు కొరుక్కున్నాను. నా తిండి, నా ఇల్లు, నా పాప సాయంత్రాలు, అన్నీ ఆయన నేర్పినదాని మీదే వచ్చాయి. ఆ తర్వాత ఎంతోమంది ఆడపిల్లలకు నేను అదే నేర్పాను. కృతజ్ఞత లేదని ఎట్లా అంటాను? ఉంది. అది ఉండబట్టే కోపం చల్లారలేదు.

ఆయనకు జబ్బు చేసిందని తెలిసి, నిరుడు చేవెళ్లలో వాళ్లింటికి వెళ్లాను. మంచం మీద కూర్చుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. నన్ను చూసి, “వచ్చినవా చెల్లె” అన్నాడు, నిన్నటిదాకా రోజూ కలుస్తున్నట్లు. పాప ఏం చదువుతోందని అడిగాడు. రోడ్డు వెడల్పు చేస్తున్నారని చెప్పాడు. షాబాద్ తమ్ముడు సొంతంగా ఏదో పెట్టుకున్నాడని చెప్పాడు. నేను వింటూ కూర్చున్నాను. వదిన లోపలికి వెళ్లాక అడిగేశాను.

“అన్నా, ఆ పొద్దు తెల్వదు అని ఎందుకు అనలే?”

అడిగి ఊరుకున్నాను. ఆయన పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు. నేనేమీ అనలేదు. ఆయనా ఏమీ అనలేదు. చాలాసేపు అట్లాగే ఉన్నాం. నాకు తెలుసు, ఎంతసేపైనా కూర్చోగలను. ఆయనకూ తెలుసు. వదిన టీ తెచ్చింది. “టీ తాగు చెల్లె” అన్నాడు. తాగి వచ్చేశాను. మళ్లీ చూసింది పెట్టెలోనే.

మట్టి అయిన తర్వాతి ఆదివారం, ఇంటివాళ్లను ఓదార్చడానికి ఆదరణ కూడిక పెట్టారు. ఇంటి ముందు షామియానా వేసి, ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. వాళ్ల పాస్టరును అందరూ అయ్యగారనే అంటారు. ప్రార్థన అయ్యాక అయ్యగారు, “తనతోటి పనిచేసినోళ్లు ఎవరన్న రెండు మాటలు చెప్పున్రి” అన్నారు. ఒకరి తర్వాత ఒకరు లేచారు. ఉద్యోగం ఇప్పించాడని ఒకరు, నోట్లోంచి అబద్ధం రాని మనిషని ఒకరు. ఆ మాట వచ్చినప్పుడు షాబాద్ తమ్ముడు తల దించుకున్నాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను లేచి, “ఆఫీస్‌ల ఎట్ల అడగాల్నో నాకు అన్ననే నేర్పిండు” అని కూర్చున్నాను. అది నిజం. మైకులో చెప్పగలిగిన నిజం అంతవరకే.

జనం భోజనాలకు లేచాక వదిన నా పక్కన వచ్చి కూర్చుంది. వాళ్ల బిడ్డను కూడా పిలిచింది. నన్ను దవాఖానకు తీసుకెళ్లిన రోజు వదిన పక్కింట్లో పడుకోబెట్టి వచ్చిన పిల్లే ఈ పిల్ల. ఇప్పుడు ఇంజనీరింగ్ అయిపోయి, గచ్చిబౌలిలో ఒక కంపెనీ వాళ్లు రమ్మన్నారట. జీతం సంగతి, షిఫ్టు సంగతి మాట్లాడటానికి రేపు పిలిచారట.

“ఆళ్ల నాయిన ఉన్నప్పుడే అడిగింది, ఎట్ల మాట్లాడాలె బాపు అని,” అంది వదిన. “‘నాకు చెప్పకు బిడ్డా, నన్నడగకు’ అన్నడు ఆయన. ‘మీ అత్తను అడుగు, నీ కడుపుల మాట ఏదున్నా ఆమెకు చెప్పు, ఆమె ఎవ్వలికి చెప్పది’ అన్నడు. జర నువ్వే చెప్పు దీనికి.”

నాకు అప్పుడు కూడా ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. నా ఎదురుగా మంచం మీద కూర్చుని ఫ్యాను వైపు చూసిన మనిషి, ఈ మాట బిడ్డతో అనగలిగాడు. నాతో అనడానికి ఏమైంది? ఆ రోజు నేను అంతసేపు కూర్చున్నాను కదా. అర మాట చాలు కదా నాకు. వదిన నా మొహం చూసి, నేను దుఃఖపడుతున్నాననుకుని భుజం మీద చెయ్యి వేసింది. ఆమెకు ఏమీ తెలియదు. ఆమెకు చెప్పి ఉండడు.

వదినను ఎవరో పిలిస్తే లేచి వెళ్లింది. పిల్ల కుర్చీ ముందుకు జరుపుకుంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి, కానీ చూపు గట్టిగా ఉంది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించింది.

“అత్తా, నీకు నిజం చెప్త. ఆళ్లు ఏమియ్యకపోయినా సరే నేను...”

“ఆగు బిడ్డా,” అన్నాను. చెయ్యి ఎత్తి ఆపాను. “ఎట్ల అడగాల్నో అంత చెప్త. పొద్దుందాక కూసుండి చెప్త. గా ఒక్క మాట మాత్రం నాకు కూడ చెప్పకు.”

పిల్ల నోరు సగం తెరిచి అట్లాగే ఆగిపోయింది. నా మొహంలోకి చూసింది. ఎందుకని అడగలేదు. నోట్లో ఉన్న మాటను మింగి, పెదవులు గట్టిగా మూసుకుని తల ఊపింది. షామియానా కింద భోజనాల గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. మేమిద్దరం మాట్లాడకుండా ఎదురెదురుగా కూర్చున్నాం.